గీతలున్నాయి సరే, ఫొటో పోతుందా?

అనంతపురం జిల్లా కల్యాణదుర్గం వైపు చెరువు పూడికతీత దగ్గర ఈమధ్య చూశాను. ఉపాధి హామీ కూలీల హాజరు చూసే మేట్ కట్టెక్కి, ఫోను తలపైకెత్తి నిలబడింది. తెరమీద రెండు సిగ్నల్ గీతలున్నాయి. హాజరు ఫొటో మాత్రం పోవట్లేదు, చక్రం తిరుగుతూనే ఉంది. 2023 జనవరి నుంచి ఈ యాప్ హాజరు తప్పనిసరి చేశారు. ఫొటో ఎక్కకపోతే కూలి పడుతుందో లేదోనని అక్కడ అందరికీ టెన్షన్.

"సిగ్నల్ ఉంది కదా" అంటారు అధికారులు. ఏ సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపాలో ఒక కొలత లేదు, అది ఫోన్ కంపెనీ ఇష్టం. అసలు లెక్క డీబీఎంలలో, అంటే సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణంలో ఉంటుంది. మైనస్ 85 నుంచి మైనస్ 115కి పడితే అంకెలో తేడా 30 మాత్రమే. ఫోనుకు అందే శక్తి మాత్రం వెయ్యో వంతుకు దిగిపోతుంది.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి. టవర్ పదుల వాట్లతో మాట్లాడుతుంది. మామూలు 4జీ ఫోన్ గట్టిగా అరిచినా 200 మిల్లీవాట్లే. గుడి మైకు చేలో ఉన్నవాడికి వినిపిస్తుంది. చేలోంచి వాడు పెట్టే కేక గుడిదాకా చేరొద్దూ? గీతలు చెప్పేది మైకు సంగతి. మన కూలీకి, రైతుకు కావాల్సింది కేక చేరడం. హాజరు ఫొటో, పంట నమోదుకు తీసే ఈ-క్రాప్ ఫొటో అన్నీ ఇక్కడి నుంచి పోవాల్సినవే. సిగ్నల్ బలహీనమైతే ఫోను ఒక్కో విడతకు కొంచెమే మోస్తుంది, పోనిదాన్ని మళ్లీ మళ్లీ పంపుతుంది, ఉన్న శక్తంతా పెట్టి బ్యాటరీని తినేస్తుంది.

జనం పలచగా ఉన్నచోట టవర్ గిట్టుబాటు కాదన్నది కంపెనీల మాట. నిజమే. అందుకేగా వాళ్ల ఆదాయంలో 5 శాతం, పల్లెలకు టెలికాం సేవలు చేర్చే డిజిటల్ భారత్ నిధి కోసం తీసుకునేది!

నా బాధంతా సగటు లెక్కలతోనే. టెలికాం లైసెన్సుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకటే సర్కిల్, అంటే ఒకటే సేవా ప్రాంతం. సేవల నాణ్యతను ఏళ్ల తరబడి సర్కిల్ సగటుగానే చూశారు. హైదరాబాద్ మేడలనూ మా చెరువుకట్టనూ కలిపి భాగిస్తే సీమ కొరత ఎవరికి కనిపిస్తుంది? వానకూ ఇదే అన్యాయం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే అనంతపురం, రాష్ట్ర సగటులో కలిస్తే పచ్చగానే కనబడుతుంది.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నిబంధనలతో కంపెనీలు కవరేజీ మ్యాపులు పెట్టక తప్పదు. వాటిలో ఊరూరా అప్‌లోడ్ ఎంతో కూడా చూపించాలి. సిగ్నల్ కొలిచే బండి హైవే మీద పోతే చాలదు, కిందికి దిగి ఈ కట్ట దగ్గర ఆగాలి.