‘బిడ్డ పుట్టకముందే 40 వస్తువులు’: ఆ జాబితాలో ఉన్నవీ, లేనివీ

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ: ఎక్కడి తెలుగు ఇల్లయినా సరే, కోడలికో కూతురికో ఏడో నెల వచ్చిందంటే వాట్సాప్‌లో ఒక సందేశం దిగుతుంది. ‘బిడ్డ పుట్టకముందే ఇంట్లో ఉండాల్సిన 40 వస్తువులు.’ పాలపొడి డబ్బాతో మొదలై సాంబ్రాణి కప్పుల దాకా సాగుతుంది. అడుగున ‘ఇవి లేకుండా ఆసుపత్రికి వెళ్తే అర్ధరాత్రి పరుగులు తప్పవు’ అని ఒక బెదిరింపు, దాని కిందే ఒక డిస్కౌంటు కోడు.

ఆ 40లో సగానికి పైగా అక్కర్లేనివి. కొన్ని బిడ్డకు చెరుపు చేసేవి. ముందుగా సర్దుకోవాల్సినవి కొన్నయితే అందులో లేనే లేవు. వరసగా చూద్దాం.

‘మొదటి మూడు రోజులు తల్లికి పాలు పడవు. పాలపొడి డబ్బా 1, పాలసీసాలు 4.’

పాలు బాగా పడేది రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్యనే, ఆ మాట నిజం. అయితే అంతవరకు రొమ్ము ఖాళీగా ఉండదు. ముర్రుపాలు ఉంటాయి. చిక్కగా, పచ్చగా, కొద్దికొద్దిగా వస్తాయి. మొదటి రోజంతా కలిపినా కొన్ని చెంచాలే. నెలలు నిండి పుట్టిన ఆరోగ్యమైన బిడ్డకు ఆ రోజుకు అంతే కావాలి. పుట్టిన గంటలోపు రొమ్ము పట్టించి, పగలూ రాత్రీ కలిపి 8 నుంచి 12 సార్లు చీకనిస్తే పాలు వేగంగా పడతాయి. సీసాతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము చీకదు. చీకకపోతే పాలు పడవు. మూడో రోజున అందరూ ‘చూశారా, పాలు లేవు’ అంటారు.

ఈ కంగారుకు ఇంకో కారణం తూకం. తొలి రోజుల్లో బిడ్డ బరువు 7 నుంచి 10 శాతం దాకా తగ్గవచ్చు. 3 కిలోల బిడ్డ 2 కిలోల 800 గ్రాములకు దిగితే భయం అక్కర్లేదు. 10 నుంచి 14 రోజుల్లో మళ్ళీ పుట్టినప్పటి బరువుకు వస్తుంది. పాలు చాలుతున్నాయా లేదా అన్నది తడిసిన గుడ్డలు లెక్కపెడితే తెలుస్తుంది. అయిదో రోజు నుంచి రోజుకు ఆరు గుడ్డలైనా మూత్రంతో తడవాలి. మొదట నల్లగా, జిగురుగా వచ్చే విరేచనం నాలుగైదు రోజులకు పసుపు రంగుకు తిరగాలి. పుట్టిన 24 గంటల్లో విరేచనం కాకపోయినా, 48 గంటల్లో మూత్రం పోయకపోయినా డాక్టరుకు చూపించాలి.

డబ్బా లెక్క కూడా చూడండి. వారం నిండిన 3 కిలోల బిడ్డకు, కిలోకు 150 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు 450 మిల్లీలీటర్ల పాలు కావాలి. 30 మిల్లీలీటర్ల నీళ్ళకు ఒక స్కూపు వేస్తే 15 స్కూపులు, అంటే సుమారు 65 నుంచి 70 గ్రాముల పొడి. 400 గ్రాముల డబ్బా ఆరు రోజులకు ఖాళీ. నెలకు అయిదు డబ్బాలు. ఆ ఖర్చుకు తట్టుకోలేక రెండో డబ్బా నుంచి పొడి తగ్గుతుంది, నీళ్ళు పెరుగుతాయి. బిడ్డకు కడుపు నిండుతుంది గానీ ఒళ్ళు నిండదు. ఆ నీళ్ళు సరిగా కాగనివైతే విరేచనాలు తోడు.

పాలపొడి అవసరమయ్యే బిడ్డలు కొందరు ఉంటారు. అప్పుడు డాక్టరే చీటీ రాస్తారు, ఆ రోజే కొనుక్కోవచ్చు. సీసా మాత్రం అప్పటికీ వద్దు. రబ్బరు పీక లోపలి మడతల్లో, సీసా మెడ దగ్గర పాల జిడ్డు పట్టుకుంటే బ్రష్షుకు కూడా అందదు. మన ఇళ్ళల్లో ఎప్పటి నుంచో ఉన్న ఉగ్గుగిన్నె దీనికంటే నయం. మూలలు ఉండవు, నోరు వెడల్పు. పది నిమిషాలు నీళ్ళలో మరగబెడితే శుభ్రం. స్టీలుది చాలు, వెండిదే కానక్కర్లేదు. పిండిన తల్లిపాలు పట్టడానికీ ఇదే పనికొస్తుంది. ఆ పాలు మూతపెట్టి గదిలో ఉంచితే 4 గంటలు, ఫ్రిజ్‌లో అయితే 24 గంటలు. బరంపురం మే నెల ఉక్కలో 4 గంటలు కూడా ఆగకండి.

ఆ డిస్కౌంటు కోడు గురించి ఒక మాట. పాలపొడికీ పాలసీసాలకూ ప్రకటనలు ఇవ్వడం, తగ్గింపులు చూపి అమ్మడం మన దేశంలో 1992 చట్టం ప్రకారం నేరం. 2003లో దాన్ని ఇంకా బిగించారు. సందేశం ముందుకు పంపే ముందు ఆ కోడు ఎవరిదో ఆలోచించండి.

‘కొత్త బట్టలు 12 జతలు, వెల్వెట్ దుప్పటి, డైపర్లు పెద్ద ప్యాకెట్లు 2.’

నెల తిరిగేసరికి ఆ జతలు పట్టవు. ముందు వెనక కట్టుకునే పల్చటి నూలు చొక్కాలు ఆరు చాలు. తొలి సైజు డైపర్లు చిన్న ప్యాకెట్ ఒకటి, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే దారికి. ఇంట్లో గుడ్డలే మేలు. డైపర్ తడిని దాచేస్తుంది, మనకు కావాల్సిన పాల లెక్క అందులో పోతుంది.

ముందే కొంటే అరిష్టం అనే పెద్దవాళ్ళకు ఇక్కడ అభ్యంతరం ఉండదు. కొనేదేమీ లేదు, పాత నూలు చీర కోయడమే. అయిదున్నర మీటర్ల చీరను పొడవున సగం చేసి, 60 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున కోస్తే 18 ముక్కలు వస్తాయి. ఎండాకాలంలో 24 ముక్కలు సరిపోతాయి. జూలై నుంచి సెప్టెంబరు దాకా గుడ్డ ఆరదు కాబట్టి 36 కావాలి, అంటే రెండు చీరలు. జరీ అంచు, ఫాల్ తీసేయాలి. గంజి పూర్తిగా పోయేదాకా ఉతకాలి. కోసిన అంచున వేలాడే దారాలు కత్తిరించాలి. పొడుగు దారం బిడ్డ కాలివేలికి చుట్టుకుని బిగిస్తే వేలు నల్లబడే దాకా ఎవరూ చూడరు. మామూలు సబ్బుతో ఉతికి, రెండుసార్లు జాడించి, ఎండలో ఆరేసి, ఉతికిన దిండు గలీబులో పెట్టండి. యాంటీసెప్టిక్ లోషన్‌లో ముంచకండి, చర్మం మండుతుంది.

ఏ చీర కోస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. ట్రంకుపెట్టె అడుగున కలరా ఉండలతో దాచిన చీర పనికిరాదు. కలరా ఉండల్లో నాఫ్తలిన్ ఉంటుంది. అది గుడ్డ నుంచి బిడ్డ చర్మంలోకి దిగుతుంది, ఒంటికి నూనె రాసి ఉంటే ఇంకా తేలిగ్గా. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న బిడ్డకు దాంతో ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ఒక్కసారిగా ముదురుతాయి. అవి మెదడుకు దెబ్బ తీసేంత దూరం పోగలవు. ఈ లోపం మగపిల్లల్లో ఎక్కువ. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల్లో ఎక్కువ. రాయగడ, కోరాపుట్ కొండలు అలాంటి చోట్లే. బిడ్డకు ఆ లోపం ఉందో లేదో పుట్టే ముందు మనకు తెలియదు. అందుకని వాసన వచ్చే చీర పక్కన పెట్టి, రోజూ కట్టి ఉతికే చీర తీసుకోండి. మేనత్త ట్రంకులోంచి తీసి ఇచ్చే ఉన్ని టోపీకీ ఇదే లెక్క. కామెర్లు వస్తే పొద్దుటెండలో పెడితే పోతాయని అదే సందేశంలో ఇంకో వాక్యం ఉంది. చికిత్స కావాల్సిన కామెర్లు ఎండకు తగ్గవు, ఆసుపత్రిలో నీలి దీపాల కింద పెట్టాల్సిందే.

వెల్వెట్ దుప్పటి బదులు రెండు నూలు దుప్పట్లు, ఒక టోపీ, మేజోళ్ళు. మీరు వేసుకున్నదానికంటే ఒక పొర ఎక్కువ, అంతే. పొట్టా పాదాలూ ముట్టుకుని చూడండి. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడితే చలి మొదలైనట్టు. రెండూ చల్లగా ఉంటే వెంటనే తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు ఆనించి కప్పి, ఆసుపత్రికి బయలుదేరాలి. కోరాపుట్‌లో డిసెంబరు రాత్రులు ఈ పరీక్ష మరిచిపోకూడదు.

‘ఆవాల దిండు, పౌడరు, కాటుక, గ్రైప్ వాటర్, తేనె, ఆముదం, వసకొమ్ము.’

ఇవన్నీ జాబితాలోంచి ఒకేసారి కొట్టేయండి. ఏడాది లోపు బిడ్డకు ఏ దిండూ పెట్టకూడదు. ముక్కు పూడుకుంటే తల తిప్పుకునే బలం ఉండదు. చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టడమే సరైన పద్ధతి. పౌడరు గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాటుకలో సీసం ఉండవచ్చు. ఏడాది నిండకుండా తేనె నాకిస్తే బొటులిజం అనే విషప్రభావం రాగలదు. ఆముదంతో విరేచనాలు. గ్రైప్ వాటర్‌తో ఏడుపు తగ్గుతుందనడానికి ఆధారం లేదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. వస నాకిస్తే మాటలు త్వరగా వస్తాయంటారు. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంది, దాంతో వాంతులు మాత్రం త్వరగా రావచ్చు. వసపిట్ట కావాలంటే బిడ్డతో మీరే వసపిట్టల్లా మాట్లాడండి.

‘స్నానం సెట్టు, ఆవనూనె, బొడ్డుకు లోషన్, సాంబ్రాణి.’

పుట్టిన 24 గంటల దాకా స్నానం వద్దు. రెండున్నర కిలోల కంటే బరువు తక్కువైతే డాక్టరు చెప్పేదాకా ఆగాలి. ఒడియా ఇళ్ళల్లో వంటకూ ఒంటికీ ఆవనూనే కాబట్టి మనవాళ్ళకూ అలవాటయింది. అది నవజాత శిశువు చర్మపు పైపొరను దెబ్బతీస్తుంది. వంటింట్లో ఉన్న కొబ్బరినూనె చాలు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ బొడ్డుకు పసుపు, బూడిద, పౌడరు, లోషన్, ఏదీ రాయకూడదు. పొడిగా వదిలేసి, గుడ్డను బొడ్డు కిందకు మడిచి కడితే వారం, రెండు వారాల్లో అదే రాలుతుంది. చుట్టూ ఎర్రబడినా, చీము కారినా, వాసన వచ్చినా చూపించాలి. సాంబ్రాణి పొగ, పురిటి గదిలో కుంపటి రెండూ మానండి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల వల్ల విషవాయువు పోగవుతుంది, దానికి వాసన కూడా ఉండదు.

‘దోమతెర: వీలైతే.’ జాబితాలో 38వది.

దీన్ని మొదటి వరసలోకి తేవాలి. గొడుగులా మడిచే బుల్లి తెర కంటే, తల్లీబిడ్డా కలిసి పడుకునే పెద్ద తెర మేలు. ఒడిశా ప్రభుత్వం పంచిన మందు పూసిన దోమతెర ఇంట్లో ఉంటే అదే వాడండి. దోమల కాయిల్ వెలిగించకండి.

‘మిగతావి ఆసుపత్రిలో కిట్టుగా ఇస్తారు.’

ఈ మాట తెలంగాణ నుంచి నడిచొచ్చింది. అక్కడ 2017లో 16 వస్తువులతో కేసీఆర్ కిట్ మొదలైంది. ఒడిశా ఆసుపత్రిలో పురుడు పోసుకుని ఆ కిట్టు కోసం చూడకండి. ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవం, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రాకపోకలు ఉచితం. 2011 నుంచి దేశమంతటా ఉన్న హక్కు ఇది. జననీ సురక్ష పథకం కింద పల్లె తల్లికి 1,400 రూపాయలు, పట్నం తల్లికి 1,000 ఆమె ఖాతాలోనే పడతాయి. అందుకని సంచిలో తల్లి పేరున్న బ్యాంకు పుస్తకం, ఆధార్, తల్లీబిడ్డల కార్డు, స్కానింగ్ కాగితాలు, రక్తం గ్రూపు చీటీ ఉండాలి. ఆ 40లో వీటిలో ఒక్కటీ లేదు.

తల్లి రక్తం గ్రూపు నెగెటివ్ అయితే, బిడ్డ గ్రూపు పాజిటివ్ అని తేలిన వెంటనే, ప్రసవమైన 72 గంటల్లోపు ఆమెకు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. అది మీరు వెళ్ళే ఆసుపత్రిలో ఉందో లేదో ఎనిమిదో నెలలోనే అడగండి. రక్తం ఇవ్వగల ఇద్దరి ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసుకోండి, కొండదారిలో సిగ్నల్ ఉండదు. ఒడిశాలో గర్భిణులకు 102, అత్యవసరానికి 108. ఇంటికి వచ్చే ముందు బీసీజీ, పోలియో చుక్కలు, పుట్టిన 24 గంటల్లో వేసే హెపటైటిస్-బి టీకా, విటమిన్ కె కార్డులో రాశారో లేదో చూసుకోండి. తరవాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. పురిటికి పర్లాకిమిడి నుంచి శ్రీకాకుళం వైపు పుట్టింటికి వెళ్ళే అమ్మాయిల దగ్గరే ఈ గొలుసు తెగుతుంది. అత్తింటి ఊరి ఆశాకు ఆమె ఊళ్ళో లేదు, పుట్టింటి ఊరి ఆశాకు ఆమె పేరే తెలియదు. ఊరు మారిన వారంలోనే అక్కడి ఆశా దగ్గర కార్డు చూపించి పేరు రాయించాలి.

జాబితాలో 40వది ‘బారసాల సామాను’. దానికంటే ముందు పుట్టుక నమోదు చూసుకోవాలి. అది బిడ్డ పుట్టిన ఊళ్ళోనే అవుతుంది, మీ ఇల్లు ఏ రాష్ట్రంలో ఉన్నా. గడువు 21 రోజులు. 21వ రోజు బారసాల చేసి, పేరు పెట్టాక రాయిద్దామనుకుంటే ఆ గడువు కాస్తా అదే రోజు ముగుస్తుంది. పేరు లేకుండానే నమోదు చేయించండి. ఏడాదిలోపు పేరు రాయించుకోవడానికి రుసుము ఉండదు. తల్లిదండ్రుల పేర్లు మాత్రం ఆధార్‌లో ఉన్న అక్షరాలతోనే ఆసుపత్రి గుమాస్తాకు రాసివ్వండి. నోటితో చెబితే ఒడియా చెవికి వినబడినట్టు రాసుకుంటారు.