ఒక డాక్టరు మానేసి ఇంకో డాక్టరు

అమెరికాలో పీహెచ్‌డీ నాలుగో ఏట వదిలేసి మెడికల్ స్కూల్‌కి పోతానన్నాడు నాకు తెలిసిన కుర్రాడొకడు. విన్నవాళ్లందరి నోటా ఒకటే మాట: "అయ్యో, నాలుగేళ్లు వృథా!"

ఈ అయ్యోలకు నాదో చిన్న సందేహం. ఆ నాలుగేళ్లూ గడుస్తున్నప్పుడు తమరెక్కడున్నారు? ఆదివారం అర్ధరాత్రి లేచి, గాజు పళ్లెంలోని కణాలకు మేత పెట్టడానికి వాడు ల్యాబుకు పరిగెత్తినప్పుడు ఎవరూ అయ్యో అనలేదు. ఏడాదిన్నర ప్రయోగాలు ప్రొటీన్లను గుర్తుపట్టడానికి వాడిన ఒక దిక్కుమాలిన యాంటీబాడీ పాలబడ్డాయని తేలినప్పుడూ అనలేదు. అప్పుడది తపస్సు. లేచి ఒళ్లు విరుచుకునేసరికి వృథా అయిపోయింది.

సరే, దిగాడు. ముందు ఎంక్యాట్, అక్కడి మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష. దాంట్లో అట్టడుగు స్కోరే 472, అన్నిటికన్నా పైది 528. ఎంత తప్పు రాసినా 472 చేతిలో పెట్టి పంపే పరీక్షను చూసి మావాడికి కళ్లు చెమర్చాయి. పరిశోధనలో అంత దయ ఎక్కడ చూశాడు పాపం! ఆ తర్వాత అప్లికేషన్. ఒక్కో అనుభవానికి 700 అక్షరాలు, ఖాళీలతో కలిపి. నాలుగేళ్ల పరిశోధన అందులో పట్టిందా అని అడిగాను. పట్టిందట. ఇంకా చోటు మిగిలిందట.

అసలు పరీక్ష షాడోయింగ్. డాక్టరు వెనకాల నీడలా నిలబడాలి. చూడొచ్చు, ముట్టుకోకూడదు. మావాడు ఇన్సులిన్ గ్రాహకం, అంటే కణం మీద ఇన్సులిన్‌ను అందుకునే ప్రొటీను, మీద పనిచేసినవాడు. కణం లోపల ఏ ప్రొటీను ఏ ప్రొటీనుకు ఫాస్ఫేటు అందిస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. అలాంటివాడు ఓ గోడకు ఆనుకుని, డాక్టరు పక్కకి జరిగితే తనూ జరుగుతూ నిలబడ్డాడు. ఎదురుగా షుగరున్న పెద్దావిడ, పక్కన కూతురు.

"ఈ బాబెవరు?" అందావిడ.

"ఇన్సులిన్ మీద రిసెర్చి చేస్తున్నాడు" అన్నాడు డాక్టరు.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "అయితే నువ్వు చెప్పు నాయనా. ఇన్ని మందులు మింగుతున్నా నా షుగరెందుకు దిగట్లేదు?"

నాలుగేళ్లలో మావాణ్ణి ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. గొంతు సవరించుకున్నాడు. "ఎలుకల్లో అయితేనండీ..." అని మొదలుపెట్టాడు. గ్రాహకం దగ్గర బయల్దేరి కాలేయం దాకా వచ్చాడు. ఆవిడ ఊకొడుతోంది. ఈలోగా డాక్టరు కంప్యూటర్‌లోంచి తలెత్తకుండానే, "రాత్రిళ్లు ఐస్‌క్రీమ్ తింటున్నారా?" అన్నాడు.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. కూతురు తలూపింది. మావాడు ఇంకా కాలేయంలోనే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఫోన్ చేసి, "చూశావా, ఆవిడ నన్నే అడిగింది!" అన్నాడు. అవమానమేమో అనుకున్నాను. కాదు, సంబరం.

ఇప్పుడు గైడు సంగతి. రికమండేషన్ లెటర్ ఆయనే ఇవ్వాలి. "ఇంకొక్క పేపర్ అవనీ" అన్నాడు. అయింది. "రివ్యూయర్లు ఇంకొక్క ప్రయోగం అడిగారు" అన్నాడు. అదీ అయింది. అప్పుడు అసలు మాట బయటికొచ్చింది: "నీ మీద ఎంత ఖర్చుపెట్టానో తెలుసా?" అయ్యా, మీరు పెట్టింది గ్రాంటు డబ్బు, జనం కట్టిన పన్నులు. అందులోంచి అద్దెకు పోగా ఏం మిగులుతుందో తెలియని స్టైపెండు మీద వారానికి అరవై గంటలు పనిచేసింది వాడు. మీ పేపర్లో బొమ్మలు వాడివి. వెళ్తాననగానే రచయితల వరుసలో వాడి రెండో పేరు నాలుగోది ఎలా అయింది? ఒక కుర్రాడి బతుకు మీ సంతకం కింద నొక్కిపెట్టి బేరాలాడటానికి సిగ్గనిపించదా? దీన్ని గురుత్వం అంటారా?

క్షమించాలి. నింపాదిగా రాయాలనే కూర్చున్నాను.

ఇంతకీ ఆ దేశంలోనే ఎండీ (అక్కడ డాక్టరయ్యే చదువు పేరే అది), పీహెచ్‌డీ కలిపి చదివించే ప్రోగ్రాముకు 1964 నుంచీ ప్రభుత్వ సంస్థే డబ్బిస్తోంది. రెండూ కలిపి మొదలుపెడితే వైద్య శాస్త్రవేత్త. ఒకటి చేస్తూ రెండోదాని మీదికి మనసు మళ్లితే నిలకడ లేనివాడు.

ఇంటర్వ్యూలో అడగనే అడిగారు: "పీహెచ్‌డీ వదిలేశావు. రేపు మెడిసిన్ వదలవని గ్యారంటీ ఏంటి?"

మావాడు రోగులు, సేవ, ఆ పెద్దావిడ అంటూ చక్కగా చెప్పాడు. నోటిదాకా వచ్చిన జవాబు మాత్రం మింగేశాడు: "అక్కడ నాకే జీతమిచ్చారు కాబట్టి వదిలేశానండీ. ఇక్కడ నేను అప్పు చేసి చేరుతున్నాను. ఇంకెక్కడికి పోతాను?"