అయిదు వాట్ల ఆర్తనాదం

మా ఆవిడ లెక్క ప్రకారం మా ఇంట్లో ట్యూబులు మూడు. ఒకటి టూత్‌పేస్టుది, ఒకటి సైకిల్ చక్రంలోది, మూడోది నేను. ఏ మాటైనా నా బుర్రలో వెలగడానికి కాస్త టైమ్ పడుతుందని ఆవిడ అభిప్రాయం. అందుకే గిటారు కోసం ట్యూబ్ యాంప్లిఫయర్ చేస్తున్నానని ప్రకటించినప్పుడు ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. "మీకూ దానికీ బాగా కుదురుతుంది లెండి" అని తన పనిలో పడింది.

అసలు దీనికంతటికీ మూలం నా వాయింపు. పదేళ్లుగా వాయిస్తున్నాను, పదేళ్లుగా అవే మూడు కార్డ్‌లు, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపులు. నాలుగోది పట్టబోతే రెండు వేళ్లు తీగల మీద ఉంటాయి, మిగతావి గాల్లో దారి వెతుక్కుంటాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా నా పాత యాంప్‌దేనని తేల్చేశాను. లోకంలో అందరూ మద్దెలను తిట్టి ఊరుకుంటారు. నేను ఇంకో అడుగు ముందుకేసి మద్దెల నేనే చేసుకుంటానన్నాను. ఆ అడుగు వేయించినవాడు మా బావమరిది. "చెయ్యి బావా, నువ్వు చెయ్యగలవు" అన్నాడు. వాడు నాతో ఆ మాట అనని పని భూమ్మీద లేదు. గోడకు మేకు కొట్టబోయినప్పుడూ అన్నాడు. ఆ మేకు తిన్నగా వెళ్లి నీళ్ల పైపులో దిగింది.

ఎంచుకున్న సర్క్యూటు మాత్రం చిన్నదే. 1950ల్లో ఫెండర్ కంపెనీ చేసిన ఛాంప్ అనే బుల్లి యాంప్‌ది. మూడే మూడు వాల్వులు, అంటే ఆ గాజు ట్యూబులే. కరెంటును ఏసీ నుంచి డీసీ చేయడానికి 5వై3, గిటారు నుంచి వచ్చే గుసగుసను మాటగా మార్చడానికి 12ఏఎక్స్7, ఆ మాటను అరుపు చేయడానికి 6వీ6. అన్నీ కలిసి ఇచ్చేది సుమారు అయిదు వాట్లు. అయిదు వాట్లంటే ఒక చిన్న బెడ్‌లైటు పాటి కదా అని తీసిపారేశాను. చీకట్లో వెలిగే అయిదు వాట్లు వేరు, చెవిలో పేలే అయిదు వాట్లు వేరు అని నాకు తర్వాత తెలిసింది. నాకే కాదు, పక్కింటి కుక్కకు కూడా.

ఇంతకీ 1947లో ట్రాన్సిస్టర్ పుట్టాక లోకమంతా మెల్లగా అటకెక్కించేసిన వాల్వుల వెంట గిటారు వాళ్లు ఇంకా ఎందుకు పడతారంటే, అవి తప్పు చేసినా ముద్దుగా చేస్తాయి. శక్తికి మించి సౌండ్ పెంచితే మామూలు ట్రాన్సిస్టర్ యాంప్ శబ్దపు అలల తలలను కత్తెరతో కత్తిరించినట్టు తెగ్గోస్తుంది. వాల్వు మాత్రం వాడిన సబ్బు అంచుల్లా గుండ్రంగా అరగదీస్తుంది. రెండూ పాడు చేయడమే. కానీ రెండో రకం పాడు చేయడానికి మేం 'వార్మ్ టోన్' అని పేరు పెట్టుకున్నాం. ఆ పేరు పెట్టాక ఇక ఖర్చుకు వెనకాడకూడదు.

ఈ పనిలో భయపడాల్సింది ఒకటుంది. లోపల మూడు వందల వోల్టులకు పైనే తిరుగుతుంటాయి. ప్లగ్ పీకేశాం కదా అని చెయ్యి పెడితే, కరెంటును నునుపు చేసే ఫిల్టర్ కెపాసిటర్లు అప్పటిదాకా దాచుకున్నదంతా ఒక్కసారిగా మన చేతిలో పెట్టేస్తాయి. అందుకని ముందు ఒక రెసిస్టర్ తగిలించి ఆ ఛార్జిని దింపాలి, మీటర్‌తో సున్నా చూసుకోవాలి, అప్పుడు ముట్టుకోవాలి. కరెంటు ఉండగా కొలతలు తీయాల్సి వస్తే ఒక చెయ్యి జేబులో పెట్టుకోవాలని పాతకాపుల నియమం. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా దాటుతుంది మరి. నేను నియమం తప్పని మనిషిని. ఎడం చెయ్యి జేబులో పెట్టి, కుడి చేత్తో మీటర్ కడ్డీ పట్టుకుని వంగి చూస్తుంటే, మా ఆవిడ గుమ్మంలోంచి, "పని చేస్తున్నారా, పని చేసేవాణ్ణి చూస్తున్నారా?" అంది.

సోల్డరింగ్ గురించి ఎక్కువ చెప్పను. రెసిస్టర్ మీద గోధుమ, ఆకుపచ్చ, ఎరుపు చారలుంటే 1.5 కిలో ఓమ్‌లు, చివరిది నారింజ అయితే 15 కిలో ఓమ్‌లు. రాత్రి పదకొండింటికి టేబుల్ లైటు కింద ఎరుపూ నారింజా అన్నదమ్ముల్లా ఉంటాయి. నాలుగు రెసిస్టర్లు పెట్టి తీశాను, తీసి పెట్టాను. వేలు రెండుసార్లు కాలింది. అంతే.

మొదటిసారి స్విచ్ వేసే రోజు వచ్చింది. ఇక్కడ తెలివైనవాళ్లు చేసే పని ఒకటుంది. కరెంటుకూ యాంప్‌కూ మధ్య ఒక పాతరకం ఫిలమెంటు బల్బును వరసలో కలుపుతారు. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలిగి ఆ భారం తను మోస్తుంది, యాంప్ బతుకుతుంది. అంతా సవ్యంగా ఉంటే బల్బు ఒకసారి వెలిగి మెల్లగా మసకబారుతుంది. ఇంటిల్లిపాదినీ పిలిచాను. బావమరిది ముందు వరసలో కూర్చున్నాడు. స్విచ్ వేశాను. బల్బు వెలిగింది.

"మూడు వారాలు కూర్చుని బల్బు వెలిగించారా?" అంది మా ఆవిడ.

"అబ్బ, వెలగడం కాదు, ఇప్పుడు ఆరాలి. ఆరితేనే విజయం."

ఆవిడ నా ముఖంలోకి ఒక క్షణం చూసి ఇంకేమీ అడగలేదు. బల్బు మసకబారింది. వాల్వుల్లో చిన్న నిప్పు రవ్వలా నారింజ వెలుగు మొదలైంది. శబ్దం మాత్రం లేదు. కేథోడ్ వేడెక్కి ఎలక్ట్రాన్లు బయలుదేరడానికి పది పదిహేను సెకన్లు పడుతుంది. "మీ పోలికే" అని ఆవిడ అంటుండగా మాట పూర్తి కాకుండానే యాంప్ అరిచింది.

అది అరుపంటే అరుపు కాదు. రైలింజన్ కూతను గాజు పలక మీద మేకుతో గీసినట్టుంది. గిటారు ఇంకా తగిలించనే లేదు. వాల్యూమ్ సున్నాలోనే ఉంది. పక్కింటి కుక్క మొదట మొరిగింది, తర్వాత శ్రుతి కలిపింది. బావమరిది మాత్రం చెవులు మూసుకుని, "పవర్ ఉంది బావా!" అని అరిచాడు.

"ఆ స్పీకర్ పీకెయ్యండి ముందు!" అంది మా ఆవిడ.

స్పీకర్ పీకకూడదు. వాల్వు యాంప్ నడుస్తుండగా స్పీకర్ లేకపోతే, వాల్వుకూ స్పీకర్‌కూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగదన్ని అదే కాలిపోవచ్చు. ఈ సంగతి ఆవిడకు వివరించబోయాను. ఆ హోరులో నా పెదాల కదలిక తప్ప ఏమీ అందలేదు. ఆవిడే వచ్చి స్విచ్ తీసేసింది.

ఆ తర్వాతి మూడు రోజులు నా జీవితంలో లేవనుకుంటాను. వాల్వులు మార్చాను. పొడి వెదురుపుల్లతో లోపలి వైర్లను ఒక్కొక్కటే పొడిచి చూశాను, ఎక్కడైనా పచ్చి అతుకు ఉంటే బయటపడుతుందని. గ్రౌండ్ వైర్లన్నీ పీకి ఒకే చోట కలిపాను. బాగున్న అతుకులన్నీ మళ్లీ కాల్చి కొన్నింటిని పాడు చేశాను. దాని అరుపులో ఇసుమంత మార్పు లేదు. నిజానికి మొదటి రోజే అది నాకు జవాబు చెప్పేసింది. వాల్యూమ్ సున్నాలో ఉన్నా అరుస్తోందంటే, గొడవ వాల్యూమ్ దాటిన తర్వాత భాగంలో ఉందన్నమాట. ఈ మాట నాకు మూడో రోజు సాయంత్రం వెలిగింది. ట్యూబ్ కదా.

వాల్యూమ్ తర్వాత ఆ సర్క్యూటులో నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అనే ఏర్పాటుంది. స్పీకర్‌కు వెళ్లే దాంట్లోంచి కొంచెం తీసి, తలకిందులుగా వెనక్కి పంపి, యాంప్ శ్రుతి మించకుండా చూస్తారు. అచ్చం మా ఆవిడ. నేను రెండు అడుగులు ఎక్కువేస్తే ఒక అడుగు వెనక్కి లాగుతుంది. అదే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వైర్లు రెండూ అటుదిటు, ఇటుదటు అయితే, వెనక్కి లాగాల్సింది ముందుకు తోస్తుంది. నెగెటివ్ కాస్తా పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అవుతుంది. అచ్చం మా బావమరిది. "చెయ్యి బావా" అంటే చేసేది, చేసిందాన్ని చూసి వాడు మళ్లీ "చెయ్యి బావా" అనేది, అలా పెరిగి పెరిగి కూత దాకా వచ్చేది. నా యాంప్‌లో ఉండాల్సిన చోట మా ఆవిడ బదులు బావమరిది కూర్చున్నాడు. ఛార్జి దింపి, ట్రాన్స్‌ఫార్మర్‌కు ప్రైమరీ వైపు, అంటే వాల్వు వైపు, నీలం వైరునూ ఎర్ర వైరునూ మార్చాను. రెండు అతుకులు, నాలుగు నిమిషాలు. స్విచ్ వేస్తే పదిహేను సెకన్ల తర్వాత కూడా నిశ్శబ్దం. ఈ పోలిక మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నిశ్శబ్దమంటే పూర్తి నిశ్శబ్దం కాదు. వెనక ఒక మోత ఉంది. నాకైతే అది బొత్తిగా వినపడలేదు, ఆ రోజు నాకు వినపడేవి తక్కువ. పక్క గదిలోంచి మా ఆవిడే, "ఏవండీ, బోరు మోటారు ఆపలేదా?" అంది. మోటారు మోతా, కందిరీగ మోతా అని అడిగాను. మోటారే అని ఖాయంగా చెప్పింది. దాంతో సగం పని అయిపోయింది. సెకనుకు 50 సార్లు ఊగే కరెంటులో, ఫిల్టర్ కెపాసిటర్ల లోపమైతే ఈ రకం యాంప్‌లో 100 హెర్ట్జ్ కందిరీగ వస్తుంది. వాల్వులను వెలిగించే హీటర్ వైర్ల వల్లయితే 50 హెర్ట్జ్ మోటారు వస్తుంది. తీసి చూస్తే హీటర్ వైర్లు రెండూ అలిగిన దంపతుల్లా చెరో గోడ పట్టుకుని పోతున్నాయి. వాటిని తాడులా గట్టిగా పురి తిప్పి, ఒక మూలగా నడిపించాలి. అప్పుడు ఒకదాని అయస్కాంత క్షేత్రాన్ని ఇంకొకటి చంపేస్తుంది. పురి పెట్టింది కూడా ఆవిడే. నేను పెట్టిన పురి మూడుసార్లు విడిపోయాక లాక్కుని పెట్టింది.

మరుసటి వారం యాంప్ మాట్లాడటం మొదలుపెట్టింది. గిటారు ఆపగానే సన్నగా ఎవరో వాతావరణ వార్తలు చదువుతున్నారు. "రేడియో కూడా పెట్టావా బావా!" అని బావమరిది భుజం తట్టాడు. నేనేం పెట్టలేదు, పెట్టాల్సింది పెట్టకపోవడమే కారణం. గిటారు జాక్‌కూ, మొదటి వాల్వులో సిగ్నల్ అందుకునే గ్రిడ్‌కూ మధ్య 68 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. గాల్లో తిరిగే రేడియో తరంగాలను గుమ్మంలోనే ఆపే కాపలాదారు అది. సిగ్నల్‌కు అడ్డమెందుకని అతితెలివితో తీసేశాను. మళ్లీ పెట్టాను. దాంతో వార్తలు ముగిశాయి.

ఇక మిగిలింది ట్యూనింగ్. 6వీ6 కేథోడ్ దగ్గర 470 ఓమ్‌ల రెసిస్టర్ మీద 19 వోల్టులు చూపించింది, అంటే 40 మిల్లీయాంపులు. ఎలక్ట్రాన్లు చేరే ప్లేటుకూ, అవి బయలుదేరే కేథోడ్‌కూ మధ్య 300 వోల్టులు. గుణిస్తే 12 వాట్ల వేడి, ఆ వాల్వుకు అది సరిగ్గా గరిష్ఠం. అంకెలతో సాగే ట్యూనింగ్ అక్కడితో పూర్తయింది. చెవులతో సాగేది మొదలైంది. నా పతనం కూడా అక్కడే.

రెండు దశల మధ్య ఉండే కప్లింగ్ కెపాసిటర్‌ను మారిస్తే టోన్ మారుతుందని కొందరి గట్టి నమ్మకం. ఒక మామూలు పాలియెస్టర్‌దీ, ఖరీదైన ఆయిల్ రకం ఒకటీ తెచ్చాను, రెండూ 0.022 మైక్రోఫారడ్‌లే. మధ్యలో ఒక స్విచ్ పెట్టాను. ఇటు తిప్పితే మామూలుది, అటు తిప్పితే ఆయిల్‌ది. బావమరిదిని పిలిచి, కళ్లు మూసుకుని విన్నాం. ఆహా. ఇటు తిప్పితే పొడిగా, పీలగా ఉంది. అటు తిప్పితే నిండుగా, తేనె పూసినట్టు, ఒక్కో స్వరం చుట్టూ గాలి ఆడుతున్నట్టు ఉంది. "నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా బావా" అన్నాడు వాడు. రెండు గంటలు ఆ తేడాను అనుభవించాం.

మా ఆవిడ వచ్చి నాలుగుసార్లు స్విచ్ అటూ ఇటూ వేసింది. "రెండూ ఒకటేగా" అంది.

మేమిద్దరం ముఖాలు చూసుకుని జాలిగా నవ్వుకున్నాం. అందరికీ చెవి ఉండదు కదా.

వాడు వెళ్లాక, ఆ పీల కెపాసిటర్‌ను శాశ్వతంగా తీసిపారేద్దామని యాంప్ తెరిచాను. స్విచ్ వెనక మూడు కాళ్ల మీదా కలిపి ఒక లావుపాటి సోల్డర్ బొట్టు, బుజ్జి బెల్లపు ముక్కలా మెరుస్తూ కూర్చుని ఉంది. అంటే స్విచ్ ఎటు తిప్పినా రెండు కెపాసిటర్లూ ఎప్పుడూ కలిసే ఉన్నాయి. రెండు గంటల పాటు మేం విన్న పొడిదనమూ, తేనె, గాలీ అన్నీ ఆ ఒక్క బొట్టులోంచే వచ్చాయి.

తలుపు దగ్గరగా వేసి బొట్టు కరిగించి తీసేశాను. మూత బిగించి, ఎవరూ వినకుండా మెల్లగా వాయించి, స్విచ్ తిప్పాను. స్పీకర్‌లోంచి టప్పుమని శబ్దం వచ్చింది. గ్రిడ్‌కు తగలకుండా ఇంతసేపూ ఊరికే ఉన్న కెపాసిటర్‌ను ఒక్కసారిగా కలిపితే వచ్చే చప్పుడది. ఆ రెండు గంటల్లో ఆ చప్పుడు రాలేదేమని అనుమానమైనా కలగలేదు నాకు. మళ్లీ మళ్లీ తిప్పాను. టప్పు తప్ప, ఇటుకూ అటుకూ నాకేమీ తేడా తెలియలేదు.

పక్క గదిలోంచి, "ఏవండీ, ఇప్పుడు తేడా ఉంది" అంది మా ఆవిడ. "ఇందాక లేదు."

ఏమీ దాచలేక బావమరిదికి ఫోన్ చేసి, బొట్టు సంగతీ, టప్పు సంగతీ, ఆవిడన్న మాటా మొత్తం చెప్పాను. వాడు అంతా విని, "చూశావా బావా" అన్నాడు ఉత్సాహంగా, "తేడా ఉందని నేను మొదటి రోజే చెప్పాను!"