ఒక్క మాట అడిగితే ఏం పోయింది?

సాయంత్రం అయితే చాలు, మా వీధి మెట్ల దగ్గర స్కేట్‌బోర్డుల చప్పుడు మొదలవుతుంది. ఆట మీద నాకు కోపం లేదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లోకే ఎక్కిన ఆట అది. ఒక్క జంప్ కుదరాలంటే ఎన్నిసార్లు కింద పడాలో నాకూ తెలుసు. నా బాధల్లా పక్క మనిషిని చూసుకోకపోవడమే. నిన్న ఒక పెద్దావిడ చేతికర్రతో దిగుతుంటే, ఓ కుర్రాడి కాలి కింద నుంచి బోర్డు జారి ఆవిడ మడమ పక్కగా దూసుకుపోయింది. ఆవిడ రెయిలింగ్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది, చేతులు వణుకుతున్నాయి. వాడు ఇయర్‌ఫోన్స్ కూడా తీయకుండా బోర్డు తీసుకుని వెళ్లిపోయాడు. "తగిలిందా మామ్మగారూ?" అని అడగలేడా? పట్టుమని యాభై ఇళ్లు లేవు ఇక్కడ. వాణ్ణి పసివాడప్పుడు ఎత్తుకుని ఆడించిన చేతులే అవి.