అన్నిటికీ అక్కర్లేదు

ఇంట్లో ప్రతి పరికరానికీ స్టాటిక్ ఐపీ (మారకుండా ఉండే నెట్‌వర్క్ అడ్రస్) పెట్టుకోమని ఇంటి వైఫై మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. ప్రింటర్‌కు, సీసీ కెమెరాకు అయితే సరే. ల్యాప్‌టాప్‌కు ఎందుకండీ? అందులో ఐపీ మనమే కొట్టి పెడితే, ఇంకోచోట వైఫైకి కలిపినప్పుడు నెట్ రాక తల పట్టుకోవాలి.

ఒకసారి నేను ప్రింటర్‌లో 192.168.1.105 అని ఇచ్చేశాను. రౌటర్ తనంతట తాను పంచే అడ్రస్‌ల చివరి నంబరు 100 నుంచి 200 దాకా అని చూసుకోలేదు. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఓ రోజు ప్రింటర్ ఆఫ్‌లో ఉండగా అదే 105ని రౌటర్ టీవీకి ఇచ్చేసింది. ఇక చూడండి, ప్రింటర్ ఆన్ చేస్తే టీవీలో వీడియో రాక చక్రం తిరుగుతూనే ఉంటుంది, లేదంటే ప్రింట్ రాదు. కేబుల్ మార్చాను, డ్రైవర్ మళ్లీ వేశాను. చివరికి రౌటర్ పేజీలో ఏ పరికరానికి ఏ అడ్రస్ ఉందో చూపే జాబితా తెరిస్తే గానీ సంగతి తెలియలేదు.

ఇప్పుడు పరికరాల్లో వేలు పెట్టను. రౌటర్‌లోనే డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లో (ఫలానా పరికరానికి ఫలానా అడ్రస్ అని కేటాయించే చోట) మ్యాక్ అడ్రస్, అంటే పరికరాన్ని రౌటర్ గుర్తుపట్టే నంబరు, ఎదురుగా ఐపీ రాసేస్తాను. పరికరం అడిగిన ప్రతిసారీ అదే నంబరు వస్తుంది. ఫోన్‌కు కూడా ఇలా చేయాలంటే మాత్రం, ఆ వైఫైకి ప్రైవేట్ మ్యాక్ సెట్టింగ్ (అసలు మ్యాక్ బదులు వేరేది చూపించేది) ఆపడం మేలు. లేకపోతే మ్యాక్ మారినప్పుడల్లా రౌటర్‌కు అది కొత్త ఫోనే.

ఇంకోటి, 192.168తో మొదలయ్యేది ఇంటి లోపలి అడ్రస్. దాన్ని స్థిరం చేసినంత మాత్రాన బయట నుంచి కెమెరా కనిపించదు.