తుపాకీ వెంట చట్టమూ బదిలీనా?

అమెరికా ప్రతినిధుల సభ జ్యుడీషియరీ కమిటీ 2025 మార్చి నెలాఖరులో హెచ్.ఆర్.38 బిల్లుకు పచ్చజెండా ఊపింది. సొంత రాష్ట్రంలో దుస్తుల చాటున పిస్టల్ పెట్టుకుని తిరిగే అర్హత ఉన్నవారు దాదాపు దేశమంతా అలాగే తిరగొచ్చన్నది దాని సారం. 2017 డిసెంబరులో ఇదే తరహా బిల్లు సభలో 231-198 ఓట్లతో నెగ్గి సెనేట్‌లో ఆగిపోయింది. ఈసారి బిల్లు వస్తే సంతకం పెడతానని ఎన్నికలప్పుడే మాటిచ్చిన ట్రంప్ వైట్‌హౌస్‌లో ఉన్నారు. సెనేట్‌లో 60 ఓట్లు కావాలన్న నిబంధనే ప్రధాన అడ్డుగోడ. ఆ గోడ నిలబడాలి.

తుపాకీ ఉన్నవారు కఠిన చట్టాలున్న రాష్ట్రానికి వెళ్లినా, ఇల్లు మారినా తిప్పలు తప్పవన్నది బిల్లు వెనకున్నవారి ఫిర్యాదు. అందులో కొంత నిజముంది. కొలరాడో నుంచి న్యూజెర్సీకి మారిన ఒక యువకుడికి కారులో తుపాకులు దొరికినందుకు 2010లో ఏడేళ్ల శిక్ష పడింది. పెన్సిల్వేనియా పర్మిట్ న్యూజెర్సీలోనూ చెల్లుతుందనుకున్న ఒక తల్లి 2013లో అరెస్టయింది. రెండూ మొరటు నిర్ణయాలే. అయితే వాటిని సరిదిద్దింది కూడా న్యూజెర్సీయే. గవర్నర్ క్రిస్టీ మొదటి వ్యక్తిని అదే ఏడాది విడిపించి, రెండో వ్యక్తికి 2015లో క్షమాభిక్ష పెట్టారు. ఇలాంటి కేసుల్లో ఎలా వ్యవహరించాలో ప్రాసిక్యూటర్లకు 2014లోనే కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. ఆ రెండు కేసులను చూపించి యాభై రాష్ట్రాల చట్టాలను పక్కకు నెట్టేస్తామంటే ఎలా ఒప్పుకుంటాం?

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి పిస్టల్ వెంట పెట్టుకుని తిరగడానికి చాలామందికి లైసెన్సే అక్కర్లేదు. ఇలాంటి రాష్ట్రాలు 29 ఉన్నాయి. అక్కడి నుంచి న్యూజెర్సీకి వచ్చేవారు 60 రోజుల్లో తుపాకీ గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేసుకుని, ఆయుధాలు నమోదు చేయించుకోవాలి. పది తూటాలకు మించి పట్టే మేగజీన్ ఉండకూడదు. వెంట తిప్పుకోవాలంటే శిక్షణ, వేరే పర్మిట్ కావాలి. కాలిఫోర్నియాలోనూ 60 రోజుల్లోపు తుపాకుల వివరాలు రాష్ట్రానికి చెప్పాలి. ఇల్లినాయిస్‌లో ఫోయిడ్ కార్డు, అంటే తుపాకీ యజమాని గుర్తింపు కార్డు, ఉండాలి. ఇందులో భరించలేని కష్టం ఏముంది? న్యూజెర్సీకి మారితే డ్రైవింగ్ లైసెన్సు మార్చుకోవడానికి ఇచ్చే గడువూ 60 రోజులే. దాని మీద ఎవరూ కాంగ్రెస్‌కు వెళ్లలేదు.

ఈ నిబంధనల వెనుక రక్తం ఉంది. 1989లో స్టాక్‌టన్ స్కూల్లో ఐదుగురు పిల్లలు చనిపోయాకే కాలిఫోర్నియా దాడి తరహా తుపాకులను నిషేధించింది. 2022 జులై 4న హైలాండ్ పార్క్ పరేడ్‌లో ఏడుగురు బలైన తర్వాతే ఇల్లినాయిస్ అదే దారిలో నడిచింది. 2022 లెక్కల ప్రకారం తుపాకీ మరణాలు న్యూజెర్సీలో లక్ష మందికి సుమారు 5. టెక్సాస్‌లో దాదాపు 15, మిసిసిపిలో 30కి దగ్గర. ఈ తేడాకు చట్టాలొక్కటే కారణం కాకపోవచ్చు. కానీ కాస్త భద్రంగా ఉన్న రాష్ట్రాన్ని ప్రమాదంలో ఉన్న రాష్ట్రం నియమాలతో నడుచుకోమనడం ఏ రకమైన న్యాయం?

ఈ బిల్లులో మమ్మల్ని అన్నిటికన్నా మండించేది ద్వంద్వ నీతి. 2022 జూన్ 23న సుప్రీంకోర్టు న్యూయార్క్ తుపాకీ చట్టాన్ని కొట్టేసింది. మర్నాడే, జూన్ 24న, అబార్షన్ హక్కును రద్దు చేసి నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలేసింది. రిపబ్లికన్లు ఆ రోజు రాష్ట్రాల హక్కులు గెలిచాయని పండగ చేసుకున్నారు. అబార్షన్ రాష్ట్రాల ఇష్టమని 2024 ఏప్రిల్‌లో ట్రంప్ స్వయంగా చెప్పారు. మరి తుపాకీ దగ్గరికి వచ్చేసరికి రాష్ట్రాల ఇష్టం ఏమైంది? న్యూయార్క్ నుంచి డాలస్‌కు కాపురం మార్చిన మహిళ వెంట న్యూయార్క్ అబార్షన్ చట్టం రాదు. ఆమె టెక్సాస్ చట్టానికి లోబడి తీరాలి. డాలస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వచ్చే పిస్టల్ వెంట మాత్రం టెక్సాస్ చట్టం రావాలంటున్నారు. మనిషి ఒంటి మీద హక్కు రాష్ట్రం పొలిమేర దాటకూడదు, నడుముకు కట్టుకున్న తుపాకీ మీద హక్కు దాటాలి. రాష్ట్రాల హక్కులంటే తమకు నచ్చిన రాష్ట్రాల హక్కులేనా?

తుపాకీ యజమానుల గోడు మాత్రమే కాంగ్రెస్‌కు వినిపిస్తోంది. జార్జియా, వర్జీనియాల్లో కొన్న తుపాకులు ఐ-95 రహదారి మీదుగా న్యూయార్క్, న్యూజెర్సీ వీధుల్లోకి చేరడం పోలీసులకు పాత కథే. ఆ దారికి అడ్డుకట్ట వేసే చట్టం మాత్రం ఆ సభలో ముందుకు కదలదు. ఇక రాష్ట్రాలు దాటి ప్రయాణించేవారికి రక్షణ లేదా అంటే, 1986 నుంచే ఉంది. తూటాలు తీసేసి, చేతికి అందకుండా తాళం వేసి తీసుకెళ్తే మధ్యలోని రాష్ట్రం అడ్డుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. అది చాలదా?

ఇందులో మనవాళ్ల ప్రస్తావన ఊరికే తేవడం లేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేత్‌లో తెలుగు ఇంజినీరును కాల్చి చంపారు. ఆ ఘటనకు అక్కడి తుపాకీ చట్టమే కారణమని మేం అనడం లేదు. అయితే 2015లోనే లైసెన్సు అవసరం లేదన్న కాన్సాస్ నియమం రేపు ఎడిసన్ బజారులోకి వస్తే, మన పిల్లలు తిరిగేది ఆ బజారులోనే. టెక్సాస్‌లోని ఫ్రిస్కో, ప్లేనోల్లో స్థిరపడి తుపాకీ కొన్న మన కుటుంబాలు కూడా ఉద్యోగం మారగానే న్యూజెర్సీ బాట పడుతున్నాయి. హెచ్-1బీ, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవారు తుపాకీ ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టమే నిషేధించింది. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఇది తెలియకుండా తుపాకీ కొనడం ఎంత తప్పో, గ్రీన్‌కార్డు వచ్చింది కదా అని టెక్సాస్ మేగజీన్లను సామాన్ల ట్రక్కులో వేసుకుని బయల్దేరడమూ అంతే తప్పు.

కొత్త ఊళ్లో పిల్లల స్కూలు రేటింగ్ గురించి నెల రోజులు వెతికేవారికి అక్కడి తుపాకీ చట్టం చదవడానికి ఒక్క సాయంత్రం దొరకదా? న్యూజెర్సీ జీతం కావాలి, స్కూళ్లు కావాలి, భద్రత కావాలి, ఆ భద్రత కోసం పెట్టిన నిబంధన మాత్రం వద్దంటే కుదరదు. ట్రక్కు ఎక్కించేలోపే అమ్మేయండి, లేదా అక్కడి డీలరుకు అప్పగించండి. రెండూ ఇష్టం లేకపోతే టెక్సాస్‌లోనే ఉండండి.