సారా వేలంపాటలు ఆపింది ఏ పదవీ లేనివాళ్లే

పదవి లేకపోయినా ఆడవాళ్లు ఊరిని కదిలించగలరన్న మీ వ్యాసం చదువుతుంటే నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తొచ్చింది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాలు దిద్దుకుంటున్న కూలి ఆడవాళ్లు, వాచకంలో సారా మీద ఉన్న పాఠం చదివి, తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ ఏ అధికారీ కాదు. అయినా ఆ పోరు జిల్లా అంతా పాకింది, సారా అమ్ముకునే హక్కు కోసం ప్రభుత్వం పెట్టే వేలంపాటలనే అడ్డుకుంది. 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఖజానాకు అంత ఆదాయమిచ్చే వ్యాపారంతో తలపడ్డారు, మామూలు ధైర్యమా అది!

నాకు బాధ కలిగించేది తర్వాతి సంగతి. 1995లో తెచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో సడలించేటప్పుడు ఈ ఆడవాళ్ల మాటకు ఎంత విలువిచ్చారు? పోరాటానికి వాళ్లు కావాలి, నిర్ణయాలు చేసే చోట మాత్రం వాళ్లకు కుర్చీ ఉండదు. దీని గురించి కూడా వివరంగా రాయండి.